షష్టిపూర్తి ఏట అరవైకి అరవై

మన ఇళ్ళల్లో 60 ఏళ్ళు నిండితే షష్టిపూర్తి చేస్తారు. ఆలుమగలను మళ్ళీ పెళ్ళిపీటల మీద కూర్చోబెడతారు. మెడలో దండలు వేసి, కాళ్ళకు దణ్ణం పెట్టి, ఇక మీరు విశ్రాంతిగా కూర్చోండి, మిగతా పనులు మేము చూసుకుంటాం అంటారు.

కువైట్‌కు చెందిన అబ్దుల్లా అల్ రషీదీ 60 నిండిన మరుసటి నెలలో ఏం చేశారో వినండి. 2023 సెప్టెంబర్ 27న చైనాలోని హాంగ్‌జౌ నగరంలో ఆసియా క్రీడల స్కీట్ ఫైనల్ జరిగింది. స్కీట్ అంటే గాలిలో ఎగిరే మట్టి బిళ్ళలను తుపాకితో పగలగొట్టే పోటీ. ఆయన ముందు 60 బిళ్ళలు లేచాయి. 60కి 60 పగిలాయి. ప్రపంచ రికార్డుతో సమానం, బంగారు పతకం. రెండో స్థానంలో మన భారతదేశపు అనంత్‌జీత్ సింగ్ నరూకా, 60కి 58. నరూకా వయసు ఆయన వయసులో సగం కూడా లేదు. మూడో స్థానంలో కతర్‌కు చెందిన నాసర్ అల్ అతియా. ఆయనకూ అప్పటికే 50 దాటాయి.

అదే రోజు, అదే నగరంలో, 25 మీటర్ల పిస్టల్ పోటీలో మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ వెండి పతకం గెలిచింది. జట్టుతో కలిసి బంగారం కూడా గెలిచింది. అప్పటికి ఆమెకు 18 ఏళ్ళు. ఆమెకూ రషీదీకీ మధ్య 40 ఏళ్ళ పైచిలుకు తేడా. ఇంత తేడా ఉన్న ఇద్దరు ఒకే రోజు పతకాలు మెడలో వేసుకునే ఆటలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చూడండి. వేళ్ళు మిగిలిపోతాయి.

నేను హవల్లీలో పాఠాలు చెబుతాను. డర్బన్‌లో గుడి బడిలో తెలుగు నేర్చుకున్నాను. తుపాకి పట్టే అలవాటు నాకు లేదు, ఆ కోరికా లేదు. కానీ ముసలితనంలో కూడా ఒక పనిముట్టును వదలని మనుషులంటే నాకు ఆసక్తి. చాలామంది గురికాళ్ళకు, ముఖ్యంగా రివాల్వర్ పట్టేవాళ్ళకు, తమ పాత ఆయుధం మీద చచ్చేంత ఇష్టం ఉంటుంది. కొత్తది కొనిస్తామన్నా వద్దంటారు. ఆ ఇష్టం ఎక్కడి నుంచి వస్తుంది? అది మంచిదేనా? మనలాంటి వాళ్ళకు అందులో నేర్చుకోవలసింది ఏమైనా ఉందా? ఈ మూడు ప్రశ్నలనూ మీతో కలిసి చూద్దామనుకుంటున్నాను.

20 ఏళ్ళు ఎదురుచూసిన పతకం

ముందు రషీదీ గారి సంగతి పూర్తి చేద్దాం. ఆయన 1963 ఆగస్టులో పుట్టారు. 1995లో, 1997లో, 1998లో ప్రపంచ విజేత అయ్యారు. అంతటి మనిషికి ఒలింపిక్స్ మాత్రం చిక్కలేదు. 1996లో అట్లాంటా వెళ్ళారు, పతకం రాలేదు. సిడ్నీ, ఏథెన్స్, బీజింగ్, లండన్. వరుసగా అయిదు ఒలింపిక్స్, చేతులు ఖాళీ.

ఆరోది 2016లో రియో. అప్పుడు కువైట్ మీద అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిషేధం ఉంది. అందుకని కువైట్ ఆటగాళ్ళు తమ జెండా కింద కాక, స్వతంత్ర క్రీడాకారులుగా ఆడవలసి వచ్చింది. ఒంటిమీద దేశపు చొక్కా లేదు. రషీదీ ఆర్సెనల్ ఫుట్‌బాల్ జట్టు చొక్కా వేసుకుని వచ్చారు. ఆ చొక్కాతోనే కంచు పతకం గెలిచారు. మొదటి ఒలింపిక్స్‌కూ మొదటి ఒలింపిక్ పతకానికీ మధ్య 20 ఏళ్ళు. అదే రియోలో ఆయన సహచరుడు ఫెహైద్ అల్ దైహానీ డబుల్ ట్రాప్ పోటీలో బంగారం గెలిచారు. ఆయనకూ అప్పటికి 49 ఏళ్ళు.

2021లో టోక్యోలో రషీదీ మళ్ళీ కంచు గెలిచారు. ఈసారి సొంత జెండా కింద. వయసు 57. ఆ తరువాత రెండేళ్ళకు హాంగ్‌జౌ బంగారం. ఆయన కుమారుడు మన్సూర్ కూడా స్కీట్ ఆటగాడే.

జెండా పోయినా, చొక్కా పోయినా, వయసు పోయినా ఆయనతో మిగిలింది ఏమిటి? భుజానికి ఆనే ఆ తుపాకి, దాన్ని ఎత్తే అలవాటు. అంతే.

తుపాకి ఒంటిలో భాగం కావడం

స్కీట్‌లో ఒక కఠినమైన నియమం ఉంది. బిళ్ళ కనబడేదాకా తుపాకిని భుజానికి ఎత్తకూడదు. మడమ, అంటే భుజానికి ఆనించే చెక్క భాగం, నడుము దగ్గర ఉండాలి. చొక్కా మీద అందుకోసం ఒక గీత కూడా ఉంటుంది. ఆటగాడు కేక వేస్తాడు. బిళ్ళ వెంటనే రావచ్చు, మూడు సెకన్ల లోపు ఎప్పుడైనా రావచ్చు. అది కనబడగానే తుపాకి లేవాలి, చెంపకు ఆనాలి, బిళ్ళకంటే కొంచెం ముందుకు తిరగాలి, పేలాలి. ఆ బిళ్ళ వెడల్పు 11 సెంటీమీటర్లు. మన ఇంట్లో చిన్న పూరీ అంత. ఒక్కొక్కసారి ఎదురెదురు దిక్కుల నుంచి రెండు బిళ్ళలు ఒకేసారి వస్తాయి.

ఆలోచించుకునే సమయం ఉండదు. తుపాకి ఎత్తినప్పుడు అది ప్రతిసారీ చెంప మీద ఒకే చోట ఆనాలి. గొట్టం వెంబడి చూసేది కన్ను గనక, చెంప రవ్వంత పైకి జరిగినా గురి మారిపోతుంది. అందుకే ఆ చెక్కను ఆటగాడి మెడ పొడవుకు, చేతి పొడవుకు, చెంప ఎత్తుకు సరిపోయేలా చెక్కిస్తారు. దర్జీ చొక్కా కుట్టినట్టు. మన కొలతకు కుట్టిన చొక్కా మరొకరికి వదులుగానో బిగువుగానో ఉంటుంది. తుపాకీ అంతే.

అలా కొలతకు కుదిరిన తుపాకిని వేలసార్లు, లక్షసార్లు ఎత్తి దించితే అది చేతికి కొనసాగింపు అవుతుంది. అన్నం తినేటప్పుడు ముద్ద నోటి దగ్గరకు ఎలా వెళుతుందో మీరు ఆలోచిస్తారా? చీకట్లో తిన్నా ముద్ద ముక్కుకు తగలదు. అదీ సంగతి.

ఓడలూ రివాల్వర్లూ ఒకే ఈడువి

ఇక రివాల్వర్ దగ్గరకు వద్దాం. ముసలి గురికాళ్ళ ప్రేమకథలు ఎక్కువగా దీని చుట్టూనే ఉంటాయి.

మనకు ఒక తేదీ గుర్తుంది. 1834 నవంబర్ 2. ‘అట్లాస్’ ఓడ కూలి ఒప్పందం మీద వచ్చిన భారతీయులను మారిషస్ రేవులో దించిన రోజు. దానికి రెండేళ్ళు తిరగకుండానే, 1836 ఫిబ్రవరిలో, అమెరికాలో సామ్యూల్ కోల్ట్ తన రివాల్వర్‌కు పేటెంట్ తీసుకున్నాడు. 1860 నవంబర్ 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుంచి మన ముందుతరం వాళ్ళను డర్బన్ చేర్చే నాటికి రివాల్వర్ లోకమంతా పాకింది. అంటే ఆ యంత్రమూ మన ప్రయాణమూ ఇంచుమించు ఒకే ఈడువి. తేడా ఒక్కటే. రివాల్వర్ దొరల నడుముకు ఉండేది. మనవాళ్ళ చేతిలో చెరుకు కత్తి ఉండేది.

రివాల్వర్ పని తీరు సులువు. మధ్యలో ఒక గుండ్రటి దిమ్మ ఉంటుంది. దానికి సాధారణంగా ఆరు గదులు, గదికో తూటా. ఒక్కొక్కసారి పేల్చినప్పుడల్లా దిమ్మ ఒక గది తిరుగుతుంది. తిరిగేది గనకనే ఇంగ్లీషులో దానికి ఆ పేరు. పేల్చడానికి రెండు దారులు. వెనకనున్న సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగి, తరువాత ట్రిగ్గర్ మెల్లగా నొక్కడం ఒకటి. సుత్తి జోలికి పోకుండా ట్రిగ్గర్‌నే పొడుగ్గా లాగడం రెండోది. ఆ లాగుడులోనే దిమ్మ తిరగడం, సుత్తి లేవడం, పడడం అన్నీ జరుగుతాయి.

ఈ రెండో పద్ధతిలోనే మమకారం పుడుతుంది. రెండు రివాల్వర్లు ఒకే కార్ఖానాలో ఒకే రోజు తయారైనా వాటి లాగుడు ఒకేలా ఉండదు. ఒకటి మధ్యలో కాస్త పట్టేస్తుంది. మరొకటి చివర మెత్తబడుతుంది. ఏళ్ళ తరబడి వాడితే లోపలి ఇనుము ఇనుముతో రాసుకుని నునుపు తేలుతుంది. ఎక్కడ బిగుస్తుందో, ఎక్కడ వదులుతుందో చూపుడువేలికి తెలిసిపోతుంది. పిడి చెక్క అరచేతి ఆకారానికి అరుగుతుంది. అలాంటి రివాల్వర్‌ను పక్కన పెట్టి కొత్తది ఇస్తే, పాతికేళ్ళు కాపురం చేసిన ఇంట్లోంచి లాడ్జి గదికి మారినట్టు ఉంటుంది. అన్నీ ఉంటాయి. చీకట్లో స్విచ్చి ఎక్కడుందో మాత్రం తెలియదు.

పాతకాలం నుంచీ ఇంతే. 1896లో ఏథెన్స్‌లో మొదటి ఆధునిక ఒలింపిక్స్ జరిగినప్పుడు జాన్ పెయిన్, సమ్నర్ పెయిన్ అనే అమెరికా అన్నదమ్ములు తమ సొంత రివాల్వర్లు వెంట తెచ్చుకున్నారు. ఒకరిది కోల్ట్, మరొకరిది స్మిత్ అండ్ వెసన్. 25 మీటర్ల పోటీలో మొదటి రెండు స్థానాలూ వాళ్ళవే. తూటాలు 3,500 మోసుకొచ్చి, 96 మాత్రమే వాడారట! 1901లో రివాల్వర్ విద్య మీద పెద్ద పుస్తకం రాసిన వాల్టర్ వైనాన్స్ 1912 స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో పతకాలు గెలిచేనాటికి ఆయనకూ సరిగ్గా 60. అందులో ఒకటి తుపాకికి, మరొకటి శిల్పానికి! ఆ రోజుల్లో కళలకు కూడా పతకాలు ఇచ్చేవారు. ఇక స్వీడన్‌కు చెందిన ఆస్కర్ స్వాన్ 1920లో రైఫిల్‌తో వెండి గెలిచినప్పుడు ఆయన వయసు 72.

రివాల్వర్ నేటికీ పోటీల్లోంచి పోలేదు. ప్రపంచ పోటీల్లో మగవాళ్ళకు 25 మీటర్ల సెంటర్ ఫైర్ అనే పోటీ ఉంది. 7.62 నుంచి 9.65 మిల్లీమీటర్ల తూటా పేల్చేదైతే, పిస్టల్ అయినా రివాల్వర్ అయినా అందులో చెల్లుతుంది.

చత్వారం వచ్చాక

వయసు మీదపడితే గురికాడికి మొదటి దెబ్బ తగిలేది చేతికి కాదు, కంటికి. మన పెద్దలు దీనికి మంచి పేరు పెట్టారు, చత్వారం. సంస్కృతంలో చత్వారింశత్ అంటే 40. నలభై దాటాక దగ్గరివి మసకగా కనబడే జబ్బు గనక చత్వారం. నాకూ ఉంది. హాజరు పట్టీ చదవాలంటే కళ్ళజోడు పెట్టుకోవాలి.

రివాల్వర్‌తో గురి చూడాలంటే మూడు వస్తువులు ఒక వరసలోకి రావాలి. కంటికి దగ్గరగా ఉన్న వెనక గాడి, గొట్టం చివరనున్న ముందు మొన, దూరాన ఉన్న లక్ష్యం. కన్ను ఒకేసారి మూడింటినీ స్పష్టంగా చూడలేదు. అందుకని ముందు మొననే స్పష్టంగా చూడమని నేర్పుతారు. లక్ష్యం కాస్త మసకగా ఉన్నా ఫరవాలేదు. చత్వారం వచ్చినవాడికి ఆ ముందు మొనే మసకబారుతుంది. దానికోసం చేయి చాచినంత దూరానికి సరిపోయే అద్దం చేయించుకుంటారు.

స్కీట్‌లో చూపు తుపాకి మీద ఉండదు, ఎగిరే బిళ్ళ మీద ఉంటుంది. బిళ్ళ దూరాన ఉంటుంది కాబట్టి చత్వారం బాధ అక్కడ తక్కువ. రషీదీ వంటి పెద్దవాళ్ళు అక్కడ నిలబడగలగడానికి ఇదీ ఒక కారణం. కన్ను ముసలిదైనా దూరం చూస్తుంది. చేయి ముసలిదైనా దారి మరవదు.

కడగనిదే తుప్పు ఆగదు

మరీ పాతకాలపు రివాల్వర్లు ఉన్నాయి. వాటికి ఇత్తడి తొడుగు తూటాలు ఉండవు. ఒక్కొక్క గదిలో తుపాకిమందు పోయాలి, పైన సీసం గుండు పెట్టి దట్టించాలి, వెనక చిన్న మందు టోపీ తొడగాలి. (తుపాకిమందు నల్లగా ఉంటుంది కదా అని దాన్ని నల్లమందు అనకండి. తెలుగులో నల్లమందు అంటే అభిని. ఆ మత్తుమందు వేరు!)

ఇటువంటి ఆయుధాలతో ఇప్పటికీ ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి. ఎంఎల్ఏఐసీ అనే అంతర్జాతీయ సంఘం వాటిని నడుపుతుంది. అందులో ‘మారియెట్’ అనే 25 మీటర్ల పోటీ రివాల్వర్లది. అరగంటలో 13 గుండ్లు పేల్చాలి, వాటిలో మంచివి 10 లెక్కలోకి వస్తాయి. అసలైన పాతవాటికి ఒక వర్గం, కొత్తగా చేసిన నకళ్ళకు ఒక వర్గం. అంటే 150 ఏళ్ళ కిందటి రివాల్వర్ ఇంకా గాజు బీరువాలోకి పోకుండా, మైదానంలో పొగ కక్కుతోందన్నమాట.

అది బతికి ఉండడానికి రహస్యం ఏమీ లేదు. ఆ పాత మందు కాలినప్పుడు మిగిలే మసి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఇనుమును తింటుంది. ఒక్క రాత్రి బద్ధకిస్తే తెల్లారేసరికి తుప్పు కనబడుతుంది. అందుకని పేల్చిన రోజే విప్పాలి, వేడినీళ్ళతో కడగాలి, ఆరబెట్టాలి, నూనె రాయాలి. ఆటగాడు ఓడిన రోజు కూడా కడగాలి, గెలిచిన రోజు కూడా కడగాలి. ఒళ్ళు నొప్పులుగా ఉందంటే అది వినదు.

ముసలి గురికాడు సాయంత్రం పూట గుడ్డముక్కతో రివాల్వర్ తుడుచుకుంటూ కూర్చుంటే, చూసేవాళ్ళకు పిచ్చి ప్రేమలా కనబడుతుంది. నిజానికి అది పాచిపని. అంట్లు తోమడం వంటిది. కానీ ప్రేమ అనేది సగం పాచిపనే అని మన ఇళ్ళల్లో అమ్మలకు బాగా తెలుసు. దసరాకు ఆయుధపూజ చేసేటప్పుడు కూడా ముందు చేసేది అదే. పసుపూ కుంకుమా తరువాత. తుడవడం ముందు.

మమకారం, గురి

ఇక్కడ రెండు తెలుగు మాటలు పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటిది మమకారం. ‘మమ’ అంటే ‘నాది’. మమకారం అంటే ఇది నాది అనే భావం. ఇల్లు, నగ, పొలం, రివాల్వర్, దేనిమీదైనా ఉండవచ్చు. దానికి మనం చేయవలసింది ఏమీ లేదు. సొంతం అయితే చాలు, బీరువాలో పెట్టి తాళం వేసినా మమకారం ఉంటుంది.

రెండోది గురి. దీనికి తెలుగులో రెండు అర్థాలు. గురి చూసి కొట్టాడు అంటే లక్ష్యం. ఆ డాక్టరు అంటే మాకు గురి, మా అమ్మకు ఆయన మీద గురి కుదిరింది అంటే నమ్మకం. ఒకే మాట లక్ష్యానికీ నమ్మకానికీ ఎందుకు వచ్చిందో రివాల్వర్ పట్టేవాణ్ణి అడిగితే చెబుతాడు. నమ్మకం లేని చేతిలో లక్ష్యం నిలవదు. అయితే ఆ నమ్మకం కొంటే దొరకదు. కుదరాలి. గురి ‘కుదిరింది’ అంటామే కానీ గురి ‘కొన్నాను’ అనం. కుదరడానికి రోజులు పడతాయి.

అమెరికా జనరల్ పాటన్ పేరు విన్నారా? ఆయన 1916లో ఏనుగు దంతం పిడి ఉన్న ఒక కోల్ట్ రివాల్వర్ కొన్నాడు. 1945లో చనిపోయేదాకా అది ఆయన గుర్తుగా ఉండిపోయింది. ఫొటోల్లో మొహం కంటే ముందు ఆ పిడి కనబడుతుంది. అది మమకారం. యువకుడిగా 1912 ఒలింపిక్స్‌లో ఆయన అయిదు విద్యల పోటీలో అయిదో స్థానంలో వచ్చాడు. అందులో పిస్టల్ పోటీకి రివాల్వర్ పట్టాడు. దాని వెనక ఉన్నది గురి. ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చు. ఏది ఎప్పుడు మాట్లాడుతోందో తెలిస్తే చాలు.

గురి లేని మమకారం ఉన్నవాణ్ణి తెలుగులో ఏమంటారో తెలుసా? తుపాకి రాముడు! కోతలు కోసేవాడని అర్థం. ఇంకో సామెత కూడా ఇక్కడికి సరిపోతుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్లు. గురి తప్పిన ప్రతిసారీ తుపాకిని తిట్టేవాడు తుపాకి మారుస్తూనే ఉంటాడు. పాతదాన్నే పట్టుకున్నవాడికి ఆ సాకు ఉండదు. తప్పు తనదే అని ఒప్పుకోక తప్పదు. అందుకే వాడు బాగుపడతాడు.

చట్టం కూడా ఒప్పుకున్న బంధం

మనం మాట్లాడుతున్నది తబలా గురించో కుట్టుమిషను గురించో కాదు. ప్రాణం తీయగల వస్తువు గురించి. కాబట్టి ఈ ఇష్టానికి హద్దు ఉండాలి, ఉంది కూడా.

భారతదేశంలో 1878లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయుధాల చట్టం తెచ్చింది. భారతీయుడు తుపాకి పెట్టుకోవాలంటే లైసెన్సు కావాలి, తెల్లవాడికి అక్కర్లేదు. స్వతంత్రం వచ్చాక 1959లో కొత్త చట్టం వచ్చింది, లైసెన్సు అందరికీ తప్పనిసరి. 2019 సవరణతో ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఎన్నికలు వచ్చాయంటే లైసెన్సు తుపాకులను పోలీస్ స్టేషన్లో అప్పగించమంటారు. ఎన్నికల తంతు ముగిసేదాకా అవి అక్కడే. ఊళ్ళో పెద్దమనిషి తన రివాల్వర్‌ను గుడ్డలో చుట్టి, స్టేషన్లో ఇచ్చి, రసీదు జేబులో పెట్టుకుని ఉత్త చేతులతో ఇంటికి వస్తాడు.

అయితే 2016 ఆయుధాల నియమాల్లో ఒక చక్కని మాట ఉంది. లైసెన్సుదారుకు 70 ఏళ్ళు వచ్చినా, లేదా ఆ ఆయుధం అతని దగ్గర 25 ఏళ్ళు ఉన్నా, అతను బతికి ఉండగానే దాన్ని వారసుడికి ఇవ్వడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. వారసుడికి విడిగా విచారణ ఉంటుంది, విడిగా లైసెన్సు ఉంటుంది. తండ్రి మంచివాడైతే కొడుకు మంచివాడని చట్టం అనుకోదు. కానీ పాతికేళ్ళు ఒకచోట ఉన్న వస్తువుకూ మనిషికీ మధ్య ఏదో ఉంటుందని మాత్రం ఒప్పుకుంది.

కువైట్‌లో ఈ విషయం ఇంకా సున్నితమైనది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చింది. 1991 ఫిబ్రవరిలో విముక్తి దొరికింది. యుద్ధం పోయినా తుపాకులు ఇళ్ళల్లో మిగిలిపోయాయి. 2015లో ప్రభుత్వం నాలుగు నెలల గడువు ఇచ్చి, లైసెన్సు లేని ఆయుధాలను తెచ్చి ఇస్తే శిక్ష ఉండదని ప్రకటించింది. ఒక పక్క ఇంటింటా తుపాకులు తగ్గించే ప్రయత్నం, మరో పక్క మైదానంలో తుపాకితో దేశానికి పతకాలు. ఈ రెంటికీ పొత్తు కుదరదని మీకు అనిపించవచ్చు. నాకు మాత్రం కుదురుతుందనే అనిపిస్తుంది. మైదానంలో తుపాకికి వేళ ఉంది, హద్దు ఉంది, పక్కన కాపలా ఉంది. మట్టి బిళ్ళ తప్ప మరేదీ పగలదు.

కువైట్ పెద్దవాళ్ళు తుపాకిని తమ యాసలో ‘తుఫగ్’ అంటారు. మన తుపాకికి అన్నదమ్ముల మాట. రెండూ తుర్కీ, పారసీ భాషల దారిన వచ్చినవే. ఒకటి ఎడారిలో ఆగింది, ఇంకొకటి గోదావరి దాకా నడిచింది. మాటలు కూడా మనలాగే ఓడలెక్కుతాయి.

గాండీవాన్ని వదలలేని అర్జునుడు

పాత ఆయుధం మీద ప్రేమ ఎంత గట్టిదో మహాభారతం చెప్పినంత బాగా ఎవరూ చెప్పలేదు. కృష్ణుడు వెళ్ళిపోయాక అర్జునుడు ద్వారక ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వస్తుంటే దొంగలు పడ్డారు. ముసలి అర్జునుడు గాండీవం ఎక్కుపెట్టబోతే అది అతి కష్టం మీద వంగింది. అస్త్రాలు గుర్తుకు రాలేదు. తరువాత పాండవులు రాజ్యం వదిలారు, నగలు వదిలారు, నారచీరలు కట్టి తూర్పుకు నడిచారు. అన్నీ వదిలిన అర్జునుడు గాండీవాన్ని మాత్రం వదలలేదు. చివరకు అగ్నిదేవుడే దారికి అడ్డు నిలిచి, అది వరుణుడి సొత్తు, తిరిగి ఇచ్చెయ్ అన్నాడు. అప్పుడు నీళ్ళలో వేశాడు.

ఇందులో అర్జునుణ్ణి కవి వెక్కిరించలేదు. ఎంత గొప్పవాడికైనా అది కష్టమే అని చెప్పాడు. ఆ విల్లు అతనిదని లోకం అనుకుంది, అతనూ అనుకున్నాడు. కానీ అది వాడుకోవడానికి ఇచ్చినది మాత్రమే. పనిముట్టు మన దగ్గర ఉండేది పని ఉన్నంతకాలమే. 60 ఏళ్ళ రషీదీకి పని ఉంది, చేతిలో తుపాకి ఉంది. ఆయన కొడుకు కూడా అదే ఆట నేర్చాడు. ఇవ్వవలసినది గూట్లో పెట్టే వస్తువు కాదు, ఎత్తి దించే అలవాటు. రషీదీ ఇంట్లో అది అందింది.

మీ చేతిలో ఏముంది?

ఇప్పుడు మన సంగతి. మనలో చాలామందికి తెలుగు మమకారంగా వచ్చింది. అవ్వ మాట, తాత మాట, పెళ్ళిలో వినబడే మాట. నాది అనుకుంటాం, గర్వపడతాం, బీరువాలో పెడతాం. తీసి వాడం. వాడనిది తుప్పు పడుతుంది. 40 ఏళ్ళు దాటాయి, ఇప్పుడేం నేర్చుకుంటాం అని నాతో అనేవాళ్ళు ఎందరో. వాళ్ళకు నేను చెప్పేది రషీదీ లెక్కే. మొదటి ఒలింపిక్స్‌లో 32 ఏళ్ళు, మొదటి ఒలింపిక్ పతకానికి 52, ఆసియాలో 60కి 60 కొట్టేనాటికి 60. మధ్యలో ఉన్న ఏళ్ళన్నీ తుపాకి ఎత్తడం, దించడం.

రోజుకు పది వాక్యాలు చాలు. తప్పుగా మాట్లాడిన రోజు కూడా మాట్లాడండి. కొత్త పుస్తకం కొనే ముందు ఉన్న పుస్తకం పూర్తి చేయండి. పదేళ్ళ తరువాత మీ నోటికి తెలుగు మీద గురి కుదురుతుంది. అప్పుడు అది మీ అవ్వది కాదు, మీది.

ఈ వ్యాసంలోని మాటలు

గురి: లక్ష్యం, నమ్మకం. గురి పెట్టు, గురి తప్పు, గురి కుదురు.
గురికాడు: గురి తప్పకుండా కొట్టేవాడు.
మమకారం: నాది అనే ప్రేమ.
తూటా: తుపాకిలో పెట్టి పేల్చేది.
మడమ: కాలి వెనక భాగం, తుపాకిని భుజానికి ఆనించే చెక్క చివర.
చత్వారం: నలభై దాటాక దగ్గరి చూపు మసకబారడం.
పాచిపని: ఇంట్లో రోజూ చేయవలసిన ఊడ్చే, తోమే పని.
తుపాకి రాముడు: కోతలరాయుడు.
ఆడలేక మద్దెల ఓడు: చేతకానివాడు పనిముట్టును తప్పుపట్టడం.

మీరు రాయండి

మీ ఇంట్లో మూడు తరాల నుంచి వాడుతున్న పనిముట్టు ఏదైనా ఉందా? రోలు, కత్తిపీట, కొడవలి, హార్మోనియం, కుట్టుమిషను, ఏదైనా సరే. దాన్ని ఎవరు తెచ్చారు, ఎవరు తుడుస్తారు, ఇప్పుడు ఎవరి చేయి దానికి అలవాటైంది? పది వాక్యాల్లో తెలుగులో రాసి పంపండి. బీరువాలో ఉంటే ముందు బయటికి తీసి, తుడిచి, ఒకసారి వాడి, ఆ తరువాత రాయండి.